తెడ్డు పడకముందే హద్దు గీయాలి

దసరా సెలవులొస్తే నల్లగొండ, మిర్యాలగూడ కార్లు అద్దంకి రోడ్డు పట్టి సూర్యలంక బీచ్‌కు చేరతాయి. పాలమూరు వాళ్లు రాయచూరు మీదుగా గోకర్ణ, గోవా బాట పడతారు. అక్కడి సముద్రంలో కయాక్ అనే ఇంజిన్ లేని సన్నటి చిన్న పడవ ఎక్కి, సొంతంగా తెడ్డు వేస్తూ డాల్ఫిన్ల కోసం, పక్షుల కోసం చూసి వచ్చిన కుర్రకారు అడుగుతున్న మాట ఒకటుంది. కృష్ణ ఒడ్డున ఉన్న మన సోమశిలలో, నాగార్జునసాగర్ బ్యాక్ వాటర్ దగ్గరి వైజాగ్ కాలనీలో దీన్ని పద్ధతిగా ఎందుకు నడపరు? నడపాలనే మేమూ అంటున్నాం. కానీ పడవ కంటే ముందు నిబంధనలు రావాలి.

సముద్రం లేని జిల్లాలకు కృష్ణమ్మ ఆ లోటు చాలావరకు తీర్చింది. శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండిందంటే సోమశిల దగ్గర కనుచూపు మేర నీళ్లే. దిగువన నాగార్జునసాగర్ బ్యాక్ వాటర్‌లో కొండల మధ్య ఎన్నో మలుపులు. పక్కనే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి. లాంచీలో వెళ్తే ఇంజిన్ మోత, స్పీకర్‌లో పాటలు. ఆ హోరుకు గట్టు మీద ఉన్న జంతువు ఎప్పుడో లోపలికి వెళ్లిపోతుంది. కయాక్‌కు మోత లేదు, పొగ లేదు, డీజిల్ మరక లేదు. అడవిని చూడటానికి ఇంతకంటే మంచి పడవ దొరకదు.

చిక్కు కూడా అక్కడే ఉంది. లాంచీ వస్తే పక్షికి ముందే తెలుస్తుంది. కయాక్ అయితే దగ్గరికి వచ్చేదాకా తెలియదు. పైగా లాంచీ వెళ్లలేని లోతు తక్కువ నీళ్లలోకి, చిన్న లంకల అంచులదాకా ఇది వెళ్లిపోతుంది. ఎండాకాలం నీళ్లు తగ్గి ఇసుక తిన్నెలు, రాతి లంకలు బయటపడే రోజుల్లోనే రివర్ టెర్న్ గుడ్లు పెడుతుంది. పసుపు ముక్కు, నల్లటి టోపీ పెట్టినట్టున్న తల, ఎర్రటి కాళ్లు, చీలిన తోక ఉన్న పక్షి అది. గూడంటూ ఏమీ కట్టదు. ఇసుకలో చిన్న గుంట, అందులో మచ్చల గుడ్లు. పక్కన నిలబడ్డా గులకరాళ్లే అనుకుంటాం. మనిషి దిగితే తల్లి పక్షి పైకి లేచి తల మీద తిరుగుతూ అరుస్తుంది. మనం అది స్వాగతం అనుకొని సెల్ఫీ తీసుకుంటాం. ఆ కాసేపట్లో ఏప్రిల్ ఎండకు గుడ్డు ఉడికిపోవచ్చు, లేదా కాకి ఎత్తుకుపోవచ్చు. ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న పక్షుల జాబితాలో ఇదీ ఉంది. అందుకే మార్చి నుంచి మే దాకా గుడ్లు పెట్టే లంకల మీద ఎవరూ కాలు పెట్టకూడదు. దీనికి మినహాయింపులు వద్దు.

నీటికుక్కల గుంపు, గట్టున నోరు తెరిచి ఎండ కాగే మొసలి విషయమూ అంతే. దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తేనే అవి తమ పని తాము చేసుకుంటూ కనిపిస్తాయి. కయాక్‌లో మనిషి నీటి మట్టానికి కాస్త పైన కూర్చుంటాడు. మొసలికి, పడవకు మధ్య దూరం ఉండాలనడం మన ప్రాణం కోసం కూడా.

బీచ్ అలవాట్లు ఇక్కడ పనికిరావు. సముద్రంలో ఆటుపోట్ల వేళలు ముందే తెలుస్తాయి. శ్రీశైలం డ్యామ్ కింద మాత్రం టర్బైన్లు తిరిగినప్పుడు, గేట్లు ఎత్తినప్పుడు నీళ్లు పెరుగుతాయి. వెడల్పాటి జలాశయంలో గాలి లేస్తే అలలు తక్కువేమీ ఉండవు. మునిగిన చెట్ల మోడులు అడుగున ఉంటాయి. 2007లో సింగోటం జాతరకు వస్తూ కృష్ణలో పడవ మునిగి పదుల మంది చనిపోయారు. కొల్లాపూర్ ప్రాంతం ఆ విషాదాన్ని ఇంకా మరిచిపోలేదు. లైఫ్ జాకెట్ లేనిదే రేవు దాటనివ్వొద్దు, ఎమ్మెల్యే మనిషైనా సరే.

ఇంకో మాట. నీళ్ల మీద తేలే థర్మకోల్ ముక్క, ఖాళీ ప్లాస్టిక్ సీసా చెత్త కాదు. వాటి కింద జాలరి వల ఉంటుంది. తెడ్డు తగిలి వల చిరిగితే ఆ ఇంటికి ఆ పూట రాబడి పోయినట్టే. పుట్టి మీద పుట్టి పెరిగిన ఈ మనుషులకు ఏ మలుపులో సుడి ఉందో, ఏ రాతి మీద మొసలి ఎక్కుతుందో తెలుసు. గైడ్లుగా వాళ్లను, అడవి ఒడ్డున చెంచు యువతను పెట్టుకోవాలి. హైదరాబాద్ కంపెనీకి టెండర్ ఇచ్చి, వీళ్లను పార్కింగ్ దగ్గర చీటీలు చింపే పనికి పెడితే మేం ఒప్పుకోం. కేంద్రం పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద 2015-16లోనే మహబూబ్‌నగర్ ఎకో టూరిజం సర్క్యూట్ మంజూరైంది. సోమశిల, సింగోటం, ఈగలపెంట, ఫరహాబాద్ అందులోవే. కాటేజీలు కట్టడం ఒక ఎత్తు, ఊరివాడి చేతికి జీతం రావడం ఒక ఎత్తు.

పర్యాటక, అటవీ, నీటిపారుదల, మత్స్య శాఖలు ఒక్కచోట కూర్చొని పటం మీద గీత గీయాలి. ఎక్కడిదాకా తెడ్డు వేయొచ్చు, ఏ లంక ఏ నెలల్లో మూసేయాలి, రోజుకు ఎన్ని పడవలు అన్నది అందులో తేలాలి. వర్షాకాలంలో అమ్రాబాద్‌లో సందర్శకులకు ఎలాగూ ప్రవేశం ఉండదు. ఆ విరామం నీటి మీదా వర్తించాలి. టర్బైన్ల వేళలు, గేట్ల సమాచారం ఏ రోజుకారోజు రేవు దగ్గర బోర్డు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. ఇవన్నీ జరిగాకే మొదటి కయాక్ నీళ్లలో దిగాలి.