కొబ్బరి నూనె ఒక్కటే చాలదు
మెనోపాజ్ (నెలసరి పూర్తిగా ఆగిపోవడం) తర్వాత యోని పొడిబారితే కొబ్బరి నూనె రాసుకుని, నీళ్లు బాగా తాగితే చాలన్నారు, నేను చదివిన ఒక వ్యాసంలో. నీళ్ల సంగతి అలా ఉంచితే, అసలు కారణం ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి లోపలి పొర పలచబడటం. నూనె పైపైన జారుడునిస్తుంది, అంతే. పైగా నూనె తగిలితే లేటెక్స్ కండోమ్ చిరిగిపోవచ్చు, ఈ ముక్క రాయాల్సింది.

నాకు 52 ఏళ్లు. మంట మొదలయ్యాక, శుభ్రత అనుకుని సువాసన సబ్బుతో లోపలిదాకా కడిగేదాన్ని. ఇంకా ఎక్కువైంది! సబ్బు మానేసి, వారానికి రెండు మూడుసార్లు యోని మాయిశ్చరైజర్ వాడితే కాస్త నెమ్మదించింది. మిగతాది డాక్టరిచ్చిన తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్‌తో తగ్గింది. అడగడానికి సిగ్గుపడి రెండేళ్లు బాధపడ్డాను. నెలసరి ఆగి ఏడాది దాటాక రక్తం కనిపిస్తే మాత్రం చిట్కాలతో కాలం గడపకుండా వెంటనే చూపించుకోండి.