మెడకు స్కాన్ తీశారు సరే, మనిషిని నిలబెట్టి చూశారా?

మెడనొప్పితో నెలల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లను కదిలించి చూడండి. నొప్పి సంగతంతా ఏకరువు పెట్టాక, కాస్త మొహమాటంగా ఇంకో మాట కూడా అంటారు. నడుస్తుంటే ఒక్కోసారి తూలినట్టు అవుతోందని, ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకుంటే గోడ పట్టుకోవాలనిపిస్తోందని, రోడ్డు దాటేటప్పుడు గబుక్కున పక్కకు చూస్తే అడుగు ఎటో పడుతోందని. గది గిర్రున తిరిగే రకం కాదిది, కాళ్ల కింద నేల మీద నమ్మకం సడలినట్టుండే రకం. చాలాచోట్ల ఈ మాట కేస్ షీట్ దాకా వెళ్లదు, వెళ్లినా ‘టెన్షన్ వల్ల అయ్యుంటుంది’ అనే ఖాతాలో పడిపోతుంది. నేను అనేది సూటిగా ఇదీ: మూడు నెలలు దాటిన మెడనొప్పి ఉన్న ప్రతి మనిషికీ బ్యాలెన్స్ పరీక్ష చేయాల్సిందే. అది కూడా స్కాన్ రిపోర్ట్ చేతికొచ్చాక, ఓపికుంటే చేసేదిగా కాదు, మొదటి రోజే.

మెడనొప్పి ఎందరికుందో, ఫోన్లూ కంప్యూటర్లూ మన మెడల్ని ఏం చేశాయో మళ్లీ చెప్పి విసిగించను. 2020లో ప్రపంచవ్యాప్తంగా 20 కోట్ల పైచిలుకు మందికి ఈ బాధ ఉందని జబ్బుల భారాన్ని ప్రపంచమంతటా లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అధ్యయనం లెక్క, 2050 నాటికి అది 27 కోట్లకు చేరువవుతుందని అంచనా. అసలు సంగతిలోకి వద్దాం.

మనం నిటారుగా నిలబడాలంటే మెదడుకు మూడు చోట్ల నుంచి కబురు అందాలి. లోపలి చెవి తల ఎటు ఒరిగిందో, ఎంత వేగంగా కదులుతోందో చెబుతుంది. కళ్లు చుట్టుపక్కల ఏముందో చెబుతాయి. కండరాలు, కీళ్లు, అరికాళ్లు ఒంట్లో ఏ భాగం ఎక్కడుందో చెబుతాయి. ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. లోపలి చెవికి తల సంగతే తెలుసు, ఒంటి సంగతి తెలియదు. తల కుడికి వంగిందని చెవి చెప్పిందే అనుకోండి, వంగింది తల ఒక్కటేనా, లేక మనిషి మనిషే కుడికి పడిపోతున్నాడా? మొదటిదైతే చేయాల్సిందేమీ లేదు, రెండోదైతే కుడికాలు వెంటనే బిగుసుకోవాలి. ఈ రెంటికీ తేడా చెప్పడంలో పెద్ద పాత్ర మెడదే, ఎందుకంటే మొండెం మీద తల ఏ కోణంలో ఉందో దానికే తెలుసు. ఆ కబురు తప్పిందంటే చెవి, కళ్లు ఎంత ఆరోగ్యంగా ఉన్నా లెక్క తేడా కొడుతుంది. ముగ్గురు సాక్షుల్లో ఒకడు మాట మారిస్తే మిగతా ఇద్దరూ నిజమే చెబుతున్నా తీర్పు తడబడినట్టే.

మెడకు అంత ప్రాముఖ్యం ఏమిటి, అదీ ఓ ఐదు కిలోల తలను మోసే స్తంభమే కదా అంటారా? పుర్రె కిందుగా, మెడ పైభాగంలో వేలెడంత కూడా లేని కండరాలు కొన్ని ఉన్నాయి. తల మోసే బరువు పని వీటిది కాదు, తల ఎక్కడుందో కనిపెట్టే పని వీటిది. కండరం ఎంత సాగిందో పసిగట్టే సూక్ష్మమైన గ్రాహకాలను మజిల్ స్పిండిల్స్ అంటారు. 2001లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు గర్భస్థ పిండాల్లో ఈ కండరాలను పరీక్షించి లెక్కపెడితే, వాటిలో ఒకదాంట్లో గ్రాముకు 242 స్పిండిల్స్ తేలాయి. ఎంతో నేర్పుగా పనిచేసే మన అరచేతిలోని చిన్న కండరంలో గ్రాముకు 16 అని చెబుతుంటారు. పిండం కండరం బరువు తక్కువ కాబట్టి ఆ లెక్క కొంత ఉబ్బి ఉండొచ్చు, కాదనను. సగానికి సగం కోసేసినా తేడా తేడాయే. ఇన్ని గ్రాహకాలున్న చోట నెలల తరబడి నొప్పి, బిగుతు, వాపు, అలసట తిష్ట వేస్తే అక్కడి నుంచి మెదడుకు వెళ్లే కబురు చెక్కుచెదరకుండా ఉంటుందని ఎలా అనుకుంటాం?

ఇది ఇవాళ పుట్టిన ఊహ కూడా కాదు. 1845లోనే ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త లాంజే జంతువుల మెడ వెనక కండరాలు కోస్తే అవి తాగినట్టు తూలుతున్నాయని రాశాడు. 1977లో డి జాంగ్ అనే పరిశోధకుడి బృందం మెడలో మత్తు ఇంజక్షన్ ఇచ్చి చూసింది, జంతువులే కాదు మనుషులూ తూలారు, ఒరిగిపోతున్నట్టుందన్నారు. చెవిని ముట్టుకోలేదు, కళ్లను ముట్టుకోలేదు, మెడ నోరు కాసేపు మూశారు, అంతే. నాకు వీటన్నిటికంటే ముచ్చటేసే ప్రయోగం ఇంకా తేలిక. కళ్లు మూసుకుని నిలబడ్డ ఆరోగ్యవంతుడి మెడ వెనక ఒక వైబ్రేటర్ ఆనించండి. ఆ కంపనానికి స్పిండిల్స్ కండరం సాగుతోందని పొరబడి మెదడుకు అదే కబురు పంపుతాయి. తల కదల్లేదు, ఒళ్లు కదల్లేదు, అయినా మనిషి తనకు తెలియకుండానే ముందుకు ఒరుగుతాడు. మెడ కండరాలను కొన్ని నిమిషాలు గట్టిగా బిగబట్టించి అలసిపోయేలా చేసినా, కళ్లు మూసి నిలబెడితే ఊగడం పెరుగుతుందని 2003లో ఇటలీ పరిశోధకులు చూపించారు. కాసేపటి అలసటకే ఇంత అయితే ఏళ్ల తరబడి బాధ సంగతేంటి?

రోగుల మీద చేసిన పరిశోధనలూ ఇదే దారిలో ఉన్నాయి. ఒత్తిడి కొలిచే పలక మీద నిలబెట్టి శరీరం ఎంత ఊగుతోందో చూసిన అధ్యయనాలను 2011లో ఒకచోట చేర్చి సమీక్షించారు. మెడనొప్పి ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే ఎక్కువ ఊగుతున్నారని తేలింది. వాహన ప్రమాదంలో మెడ విసురుగా ఊగి నొప్పి మొదలైనవాళ్లలో ఈ ఇబ్బంది మరింత స్పష్టం. పెద్దవయసు వాళ్లను పక్కకు తలతిప్పుతూ నడవమంటే, మెడనొప్పి ఉన్నవాళ్ల నడక మందగించింది. పెద్దవయసులో పడిపోవడమంటే ఏమిటో, తుంటి ఎముక విరగడమంటే ఏమిటో ఇంట్లో ముసలివాళ్లున్న ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

మరి దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేమైనా కావాలా? అక్కర్లేదు. నెత్తికి కట్టే పట్టీ, దానికి తగిలించిన చిన్న లేజర్ లైటు, గోడ మీద ఒక కాగితం చాలు. మనిషిని గోడకు 90 సెంటీమీటర్ల దూరంలో కుర్చీలో కూర్చోబెడతారు. ఎర్రచుక్క ఎక్కడ పడుతోందో గుర్తు పెడతారు. కళ్లు మూసుకుని తల పూర్తిగా కుడికి తిప్పి, మళ్లీ మొదటి చోటికే తెచ్చి ఆపమంటారు. తలను సరిగ్గా మధ్యకే తెచ్చానని అతను గట్టిగా నమ్ముతాడు. కళ్లు తెరిచి చూస్తే చుక్క ఎక్కడో ఉంటుంది. నాలుగున్నర డిగ్రీలు, అంటే ఆ దూరంలో గోడ మీద సుమారు 7 సెంటీమీటర్లు దాటి తప్పితే తేడా ఉన్నట్టు లెక్క. ఫ్రాన్స్‌లో రెవెల్ బృందం 1991లో చెప్పిన పరీక్ష ఇది, ముప్పై ఏళ్లు దాటిపోయింది. ఇంకో ఉపాయం కూడా ఉంది: తలను కదలనివ్వకుండా మొండేన్ని మాత్రం 45 డిగ్రీలు పక్కకు తిప్పిస్తారు. తల కదల్లేదు కాబట్టి లోపలి చెవికి ఏ కబురూ ఉండదు, అయినా ఆ భంగిమలో తూలడం పెరిగితే అనుమానం మెడ మీదికే వెళ్తుంది. దీనికి ఏ రేడియేషనూ లేదు, రిపోర్ట్ కోసం ఎదురుచూడక్కర్లేదు, పది నిమిషాల పని.

అవతలివాళ్ల మాటా వినాలి. మెడ వల్లే కళ్లు తిరుగుతాయన్న రోగనిర్ధారణకు తగిన రుజువు లేదని, సమతుల్య వ్యాధుల నిపుణుల సంఘం బరానీ సొసైటీ 2022లో ఒక పత్రమే వెలువరించింది. ల్యాబ్‌లో కనబడే తేడాలు చిన్నవని, నొప్పి మీదున్న ధ్యాస, భయం కూడా మనిషిని ఊపగలవని, ఏది కారణం ఏది ఫలితం అన్నది తేలలేదని అంటారు. చెవిలో స్ఫటికాలు జారడం వల్లో మైగ్రేన్ వల్లో కళ్లు తిరుగుతున్నవాళ్లకు మెడ అని ముద్ర వేసి పంపేసే ప్రమాదమూ ఉంది. నిజమే. ఐతే నేను పేరు పెట్టమనడం లేదు, కొలవమంటున్నాను. కారణం మీద నిపుణులు తేల్చుకునేదాకా తూలే మనిషి తూలుతూనే ఉండాలా?

నా అసలు కోపం ఇక్కడ మొదలవుతుంది. ఇంత తేలికైన పరీక్ష మూలన పడి ఉండగా ఎమ్మారై ఎందుకు రాజ్యమేలుతోంది? జపాన్‌లో ఏ మెడ బాధా లేని 1,211 మందికి మెడ స్కాన్ తీస్తే 87.6 శాతం మందిలో డిస్కులు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు, ఉబ్బి కనబడ్డాయని 2015లో ప్రచురించారు. అంటే స్కాన్‌లో ‘డిస్క్ ఉబ్బింది’ అని రావడానికి మెడనొప్పి ఉండాల్సిన పనే లేదు. అయినా ఆ ఒక్క వాక్యం చదివిన మనిషి ఏమవుతాడో చూడండి. మెడ ఎముకలు అరిగిపోయాయట, నరం నొక్కుకుపోయిందట అని ఇంట్లో చెబుతాడు. మెడ తిప్పడానికి భయపడతాడు. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పుతాడు. మెడపట్టీ కొనుక్కుని నెలలు వేసుకుంటాడు, అసలే అరకొరగా కబురు పంపుతున్న కండరాలకు ఆ పట్టీ పూర్తి సెలవిస్తుంది. తూలుడు పెరుగుతుంది, మళ్లీ స్కాన్‌కు వెళ్తాడు.

మందుల చీటీ సంగతి మరీ విచిత్రం. నరాల నొప్పికని విరివిగా రాసే ప్రెగాబలిన్ తెచ్చే ఇబ్బందుల్లో మొదటి వరుసలో ఉండేవి కళ్లు తిరగడం, మగత. కండరాలు సడలే మాత్రలూ మగత తెస్తాయి. తూలుతోందంటే రాసే కొన్ని మాత్రలూ అంతే. తూలే మనిషికి తూలించే మందు ఇచ్చి, బాగా లేదంటే మోతాదు పెంచే వైద్యాన్ని ఏమనాలి?

అలాగని స్కాన్ వద్దనడం లేదు. చేతులు మొద్దుబారి గుండీలు పెట్టుకోలేకపోతున్నా, కాళ్లు బిగుసుకుని నడక తప్పుతున్నా, మూత్రం మీద పట్టు పోతున్నా అది వెన్నుపాము నొక్కుకోవడం కావచ్చు, స్కాన్ ఆలస్యం కాకూడదు. ఎన్నడూ లేనంత తీవ్రంగా మెడనొప్పి వచ్చి, దాంతోపాటు మాట ముద్దగా రావడం, వస్తువులు రెండుగా కనిపించడం ఉంటే అది అత్యవసరం, రేపు చూద్దాంలే అనేది కాదు. నా పేచీ వీటితో కాదు, బొమ్మలో కనిపించిందే జబ్బు, కనిపించనిది మనిషి కల్పన అనే అలవాటుతో. యంత్రం పడుకున్న మనిషిని, కదలకుండా, ఒక్క క్షణానికి ఫోటో తీస్తుంది. బ్యాలెన్స్ అనేది నిలబడ్డ మనిషి ప్రతి క్షణం చేసే పని. పనిలో లోపం ఫోటోలో ఎలా దొరుకుతుంది? మెడ ఒక్కటే కాదు, నడుము చూడండి, మోకాలు చూడండి, డాక్టర్ చేయి రోగి ఒంటి మీద పడటమే అరుదైపోయింది. నడిచి చూపించు, ఒంటికాలి మీద నిలబడు, కళ్లు మూసుకో అని అడిగే ఆ పది నిమిషాలకు బిల్లులో గడి లేదు, స్కాన్‌కు ఉంది. బిల్లులో గడి లేని పరీక్ష పాఠ్యపుస్తకాల్లో బతుకుతుంది గానీ కన్సల్టేషన్ గదిలో బతకదు.

చికిత్స కూడా యంత్రాలు అక్కర్లేనిదే కావడం ఇంకో దురదృష్టం. 2007లో ఆస్ట్రేలియాలో ఫిజియోథెరపీ పరిశోధకురాలు గ్వెన్ జల్ బృందం మెడనొప్పి ఉన్న స్త్రీలను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు తల స్థానాన్ని గుర్తుపట్టడం, చూపు ఒకచోట నిలిపి తల తిప్పడం లాంటి సాధన. రెండో జట్టుకు గడ్డం మెల్లగా లోపలికి లాగి మెడ లోతు కండరాలకు పని చెప్పే సాధన. రెండు జట్లలోనూ తలను మధ్యకు తెచ్చే గురి మెరుగుపడింది, మొదటి జట్టులో కాస్త ఎక్కువ. నొప్పీ తగ్గింది. ఆరు వారాల పని అది. వేసుకున్న మాత్రలకు, ఫిజియోథెరపీలో పెట్టించుకున్న కరెంటుకు ఏం ఫలితం వచ్చిందో రోగి నోటిమాట తప్ప ఆధారం ఉండదు. ఇక్కడ మొదటి రోజు గోడ మీద కాగితంపై పెట్టిన గుర్తులు అలాగే ఉంటాయి, ఆరో వారంలో అదే కుర్చీలో కూర్చోబెట్టి చుక్క ఎంత దగ్గరికొచ్చిందో స్కేలు పెట్టి కొలవచ్చు. రాకపోతే చికిత్స మార్చమని రోగే అడగొచ్చు.