42వ రోజు సాయంత్రం

నా తాగుడుకి మా బాబాయ్ దగ్గర ఒకటే మందు. "మాల వేసుకోరా, అదే పోతుంది."

మూడుసార్లు వేసుకున్నాను. మూడుసార్లూ 41 రోజులు చుక్క ముట్టలేదు. మూడుసార్లూ శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రోజు రాత్రే సందు చివర వైన్స్ దగ్గర తేలాను. "వీడికి మనసు గట్టిది కాదు" అని చుట్టాలు తేల్చేశారు. అవునేమో అనుకున్నాను నేను కూడా.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఆ 41 రోజులూ నన్ను కాసింది నా మనసా? తెల్లవారుజామున నాలుగింటికి ఎవరో ఒకరు తలుపు కొట్టి "స్వామీ, లేచారా" అనేవారు. చిన్నప్పట్నుంచీ ఒరేయ్ అని పిలిచిన బాబాయే స్వామి అని పిలిచేవాడు. సాయంత్రం ఏడయ్యేసరికి, సరిగ్గా నాలుక పీకే టైముకి, పీఠం దగ్గర పదిహేనుమందితో భజనలో ఉండేవాణ్ణి. మాల తీశాక ఆ పదిహేనుమందీ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. 42వ రోజు సాయంత్రం ఏడింటికి నేనొక్కణ్ణే మిగిలాను. దీక్షని తప్పుపట్టడం లేదు. మనిషిని ఆపింది ఏమిటో మనం తప్పు లెక్కేశాం అంటున్నాను, అంతే.

నా కోపం వేరే వాళ్ళ మీద. డీఅడిక్షన్ సెంటర్‌లో రెండుసార్లు ఉన్నాను. ప్రతి ఇంజెక్షనూ బిల్లులో వేశారు. డిశ్చార్జి రోజు మాత్రం "స్ట్రాంగ్‌గా ఉండండి" అని పంపించారు. మీ ఇంటి దగ్గర ఫలానా చోట, ఫలానా రోజు తాగుడు మానేసినవాళ్ళు కలుస్తారు అని ఒక చీటీ మీద రాసిస్తే వాళ్ళకి ఖర్చేంటి? ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) అని, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే సంఘం ఒకటుందని వాళ్ళ నోటి నుంచి ఒక్కసారి కూడా వినలేదు.

సరే, నేనే వెతికాను. మా ఇంటి నుంచి బస్టాప్ వెళ్ళేలోపు మూడు వైన్స్ షాపులు, చీకట్లో కూడా కనపడే బోర్డులు. మీటింగ్‌కి బోర్డే ఉండదు. ఇంటర్నెట్‌లో దొరికిన అడ్రస్‌కి పోతే గేటుకి తాళం. "అది ఎప్పుడో మారిపోయింది సార్" అన్నాడు వాచ్‌మన్. ఎక్కడికో ఆయనకీ తెలీదు. ఇంకో నంబర్‌కి చేస్తే ఎవరూ ఎత్తలేదు. తాగుబోతు మానేద్దాం అనుకునేది ఏ రెండు గంటలో ఉంటుంది. ఆ రెండు గంటలూ తాళం ముందు గడిచిపోతే ఏమవుతుంది? ఆ రోజు ఏం చేశానో మీకు చెప్పక్కర్లేదు.

మూడో నంబర్ మా ఆవిడ పట్టుకుంది. సికింద్రాబాద్ వైపు ఒక చర్చి వెనక గది. ట్యూబ్‌లైటు, ప్లాస్టిక్ కుర్చీలు, పదిమందో పన్నెండుమందో. గుమ్మంలో నిలబడితే ఒక పెద్దాయన "కొత్తా? రండి, కూర్చోండి" అని టీ పోసిచ్చారు. సగం కప్పే పోశారు. పిసినారితనం అనుకున్నాను. కప్పు అందుకున్నాక అర్థమైంది, నిండా పోస్తే నా చేతుల వణుక్కి చొక్కా మీదే పడేది. ఆయనకి తెలుసు. నన్ను పేరు కూడా అడగకముందే తెలుసు.

అక్కడ ఒకరి తర్వాత ఒకరు తమ సంగతి చెప్తారు, మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు. రిజిస్టర్ లేదు, ఫీజు లేదు. చివర్లో డబ్బుల సంచి తిరుగుతుంది, కొత్తవాళ్ళు వేయక్కర్లేదు. మానాలనే కోరిక తప్ప వేరే అర్హత అడగరు. ఓపెన్ మీటింగ్ అయితే ఇంట్లోవాళ్ళూ వెళ్ళొచ్చు. ఇంట్లోవాళ్ళకి విడిగా అల్-అనాన్ అని ఉంది. మా ఆవిడ నాకంటే ముందు ఆ గుమ్మం ఎక్కింది.

"చర్చి కదా, మతం మారుస్తారా?" అని అత్తయ్య భయం. గది అద్దెది అంతే అత్తయ్యా. దేవుడి మాట వస్తుంది, నిజమే. ఏ దేవుడన్నది ఎవరిష్టం వాళ్ళది. నాకు కొన్ని మాటలు ఇప్పటికీ మింగుడుపడవు, అయినా వెళ్తాను.

అసలు ఏఏ పుట్టిందే ఇలాంటి వెతుకులాటలో. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్ళో, పని చెడి హోటల్లో ఒంటరిగా ఉన్న బిల్ విల్సన్‌కి మళ్ళీ తాగుతానేమోనని భయం పట్టుకుంది. చర్చివాళ్ళకి ఫోన్ చేసి, మాట్లాడటానికి ఇంకో తాగుబోతుని చూపించమని అడిగాడు. అలా దొరికినాయన డాక్టర్ బాబ్. ఆయన్ని ఉద్ధరించడానికి కాదు, తాను తాగకుండా ఉండటానికి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. రోజూ బాగా తాగేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఒక్కసారిగా ఆపొద్దు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మీటింగ్ మందుకి బదులు కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం. తాగుడు మానిపిస్తాయని చెప్పి, తాగేవాడికి తెలియకుండా కూరలో కలిపే పొడుల జోలికి మాత్రం పోకండి.

పేరు రాయలేదని కామెంట్లలో అడక్కండి, అక్కడి పద్ధతి అది.

నిన్న బాబాయ్ ఫోన్ చేశాడు, ఈ కార్తీకానికి మళ్ళీ మాల వేసుకోమని. సరే అన్నాను. గురువారాలు మాత్రం భజనకి రాను, మీటింగ్ ఉంది అన్నాను.

"మాలతో చర్చికి పోతావా?" అన్నాడు.

"చర్చికి కాదు బాబాయ్, దాని వెనక గదికి."