పౌడరు నిర్దోషి, తప్పంతా ఊపిరితిత్తులదే

టాల్క్ అనే మెత్తటి ఖనిజపు పొడి ఫ్యాక్టరీల్లో కార్మికుల ఊపిరితిత్తులు పాడుచేస్తోందని లేనిపోని నిందలు వేస్తున్నారు. దాని తరఫున మాట్లాడటానికి ఒక్కరైనా ఉండాలి కదా!

దాని గుణగణాలు చూడండి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కగట్టే మోస్ కాఠిన్య పట్టికలో అట్టడుగున 1 దగ్గర వినయంగా కూర్చుంటుంది. గోరుతో గీస్తే గీత పడుతుంది. పొరకీ పొరకీ మధ్య పట్టు అంతంతమాత్రం కాబట్టి వేళ్ల మధ్య నున్నగా జారిపోతుంది. మండదు, పేలదు, నీళ్లలో కరగదు. పెయింటు, కాగితం, రబ్బరు, ప్లాస్టిక్... ఎందులో వేస్తే అందులో సర్దుకుపోతుంది. ఇంత మంచి ఉద్యోగి ఏ కంపెనీకి దొరుకుతాడు?

దోషులు ఊపిరితిత్తులే. ఏళ్ల తరబడి ఈ దుమ్ము పీల్చి మచ్చకట్టి గట్టిపడటమే కాక, ఆ జబ్బుకు టాల్కోసిస్ అని పేరు కూడా పెట్టించుకున్నాయి. కంటికి కనిపించే దుమ్ము కాసేపటికి నేలకు దిగుతుంది. కనబడని సన్న నలుసులు గంటల తరబడి తేలుతూ ఛాతీ లోతుల దాకా వెళ్తాయి. వాటిని రానిచ్చిందెవరు? కొన్నిచోట్ల భూమిలో టాల్క్ పక్కనే, పీలిస్తే క్యాన్సర్ తెచ్చే ఆస్బెస్టాస్ అనే నార ఖనిజం ఉంటుంది నిజమే, పొరుగువాడి పాపం దీనికెందుకు చుట్టాలి? ఆస్బెస్టాస్ లేని టాల్క్‌ను కూడా 2024లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2ఎ జాబితాలో, అంటే బహుశా క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. పూర్తిగా తేలేదాకా ఆగుదామని కమిటీ వేస్తే ఓ పదేళ్లు హాయిగా గడిచిపోతాయి.

భద్రతకు మనం ఏం తక్కువ చేశాం? సంచి కోసి తొట్టిలో గుమ్మరించే మనిషికి మాస్కు ఇచ్చాం. అతను దాన్ని గడ్డం కిందికి లాక్కుంటాడు, లేకపోతే సూపర్‌వైజర్ పిలిస్తే పలికేదెలా? ఆ గడ్డానికి మాత్రం దుమ్ము అంటదు. షిఫ్టు అయ్యాక కంప్రెషర్ గొట్టంతో ఒకరి చొక్కా ఒకరు దులుపుకుంటారు. చొక్కా శుభ్రం. ఆ దుమ్ము ఎటు పోయిందని అడిగేవాడు పనిదొంగ. ఇక చీపురు. నేల మీదున్నదంతా లేచి, ఊడ్చినవాడు వెళ్లాక మళ్లీ తీరిగ్గా కూర్చుంటుంది, రేపు అతనికి పని లేకుండా పోకూడదని.

సన్న ఫిల్టరున్న వాక్యూమ్ వాడండి, దుమ్ము లేచేచోటే గాలి లాగే గొట్టం పెట్టండి అంటారు నిపుణులు. అమెరికాలో పనిచోట్ల ఆరోగ్యం, భద్రతల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్, లోపలికి పీల్చగల సన్న దుమ్ము ఘనపు మీటరు గాలిలో 2 మిల్లీగ్రాములు దాటొద్దని సూచించింది. అది తేలాలంటే కొలవాలి. కొలిస్తే అంకె, అంకె వస్తే ఫైలు, ఫైలు వస్తే టెన్షన్. కొలవకపోతే అంతా ప్రశాంతం.

గేటు దగ్గర 'ప్రమాదం జరగని రోజులు' అని బోర్డు ఉంటుంది కదా, దాని జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు. టాల్కోసిస్ బయటపడేసరికి మనిషి ఎలాగూ రిటైరై ఉంటాడు. బోర్డు మీద అంకె పెరుగుతూనే ఉంటుంది.