హిస్టరీ చదివితే ఏం జాబ్ వస్తుంది అంటే...

మా మేనకోడలు ఈసారి దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లలో) బీఏ హిస్టరీ ఫస్ట్ ఆప్షన్ పెట్టుకుంటానంది, ఇంట్లో ఒకటే గొడవ, వాళ్ళ నాన్న నాకు ఫోన్ చేసి బావా నువ్వైనా చెప్పు, నువ్వు ఎంఏ హిస్టరీ చేశావు కదా నీ మాటైతే వింటుంది అన్నాడు. నేను వద్దని చెప్పలేదు. ఒక షరతు మాత్రం పెట్టాను, ఏదో ఒక పాత లిపి గానీ ఉర్దూ, పార్శీ లాంటి భాష గానీ కూడా నేర్చుకుంటానంటేనే చేరు అని. ఆ షరతు ఎందుకు పెట్టానో రాయాలనిపించింది, ఎందుకంటే ఈ ప్రశ్న చాలా ఇళ్ళల్లో నడుస్తూనే ఉంది.

హిస్టరీ అనగానే మనవాళ్ళు చెప్పేది గ్రూప్స్. నిజమే, ఏపీ గ్రూప్ 2 మెయిన్స్‌లో 150 మార్కుల మొదటి పేపర్‌లో రాజ్యాంగంతో పాటు ఆంధ్ర సామాజిక, సాంస్కృతిక చరిత్ర ఉంటుంది, తెలంగాణ గ్రూప్ 2లో నాలుగో పేపర్ మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఏర్పాటు మీదే, అదీ 150 మార్కులే, సివిల్స్‌లో ఆప్షనల్‌గా తీసుకుంటే రెండు పేపర్లు కలిపి 500. కానీ హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వెళ్ళి చూడండి, ఆ సిలబస్ చదివేవాళ్ళలో బీటెక్ వాళ్ళు ఎంతమంది ఉంటారో. కొన్ని నెలలు కూర్చుని చదివితే వచ్చేదానికి ఐదేళ్ళు డిగ్రీ, పీజీ ఎందుకు అని తండ్రి అడిగితే తప్పేం లేదు. ఇక టీచింగ్, బీఈడీ చేసి డీఎస్సీలో సోషల్ స్కూల్ అసిస్టెంట్, లేదంటే నెట్ కొట్టి జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000, మంచిదే, కానీ ఆ తర్వాత పర్మనెంట్ లెక్చరర్ పోస్టు నోటిఫికేషన్ కోసం గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్ళకేళ్ళు ఎదురుచూసిన క్లాస్‌మేట్స్ నాకున్నారు. కాబట్టి అంతా బాగానే ఉంది అని నేను అబద్ధం చెప్పను.

నేను చెప్పేది వేరే. పాత రికార్డు చేతికిస్తే చదివి అందులో ఏముందో చెప్పగలిగేవాళ్ళు మన దగ్గర తగ్గిపోతున్నారు, ఆ పని మాత్రం ఎక్కడికీ పోలేదు. తెలంగాణలో ఏ భూమి కేసు తీసుకున్నా వెనక్కి వెళ్తే సేత్వార్ (మొదటి భూమి సర్వే రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరి చేతిలో ఉందో రాసిన రికార్డు), ఇనాం (పాలకులు దానంగా ఇచ్చిన) భూమి అయితే ముంతఖబ్ (ఆ ఇనాం హక్కును ఖాయం చేసిన ఉత్తర్వు), వీటిలో చాలావరకు ఉర్దూలోనే ఉంటాయి, హైదరాబాద్ రాజ్యంలో 1880ల దాకా సర్కారు భాష పార్శీ కాబట్టి అంతకంటే పాతవైతే పార్శీలో. లాయర్ కావాలంటే దొరుకుతాడు, ఆ కాగితం చదివి ఇది ఏ రకం ఇనాం, 1949లో జాగీర్లు రద్దయ్యాక దీని హోదా ఏమైంది అని చెప్పేవాడి కోసమే తిరగాలి. అలా చెప్పాలంటే భాష వస్తే సరిపోదు, ఆ కాలం పాలన ఎలా నడిచిందో కూడా తెలియాలి, అది హిస్టరీ స్టూడెంట్ పని. ఆంధ్రలో కూడా అంతే, కోస్తా, రాయలసీమ పాత మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. తార్నాకలో మన స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి దక్కన్ కాగితాలు ఉన్నాయి, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన హిస్టరీ పీజీ పిల్లల్లో ఆ గేటు దాటి లోపలికి వెళ్ళినవాళ్ళు ఎంతమంది? నేనైతే ఎంఏ అయిపోయేదాకా వెళ్ళలేదు, ఎవరూ తీసుకెళ్ళలేదు కూడా, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇదేమీ కొత్త కెరీర్ కాదు. 1796 ప్రాంతంలో ఏలూరు కుర్రాడు కావలి వెంకట బొర్రయ్య ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర చేరాడు, ఊరూరా తిరిగి శాసనాలు, కైఫీయత్తులు (ఊళ్ళ చరిత్ర రాసిన కాగితాలు) సేకరించాడు, చదవడానికి ఎవరికీ కొరుకుడు పడని పాత కన్నడ లిపి శాసనాల్ని చదివాడు, 1803లో ముప్పై కూడా నిండకుండానే చనిపోయాడు. ఈ దేశపు విద్యల్లోకి తనకు దారి చూపింది బొర్రయ్యే అని తర్వాత మెకంజీయే రాసుకున్నాడు. తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి ఆ పని కొనసాగించారు. మన జిల్లాల చరిత్ర రాసేవాళ్ళు ఈరోజుకీ తిరగేసేది ఆ కైఫీయత్తులనే, వీళ్ళ గురించి మన డిగ్రీ సిలబస్‌లో ఒక పేజీ అయినా ఉండాలి కదా.

ఇప్పుడైనా దారులు ఉన్నాయి. ఆర్కియాలజీ అంటే ఇష్టమైతే ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ గ్రేటర్ నోయిడాలో రెండేళ్ళ పీజీ డిప్లొమా నడుపుతుంది, ఆర్కైవ్స్ వైపు వెళ్ళాలంటే ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ డిప్లొమా ఉంది, శాసనాలకు మైసూరులో ఏఎస్ఐ ఎపిగ్రఫీ (శాసనాల అధ్యయనం) బ్రాంచ్, అరబిక్, పార్శీ శాసనాలకు నాగ్‌పూర్ బ్రాంచ్. పోస్టులు తక్కువే, వందల్లో ఊహించుకోవద్దు. కానీ మ్యూజియంలు, డిజిటైజేషన్ ప్రాజెక్టులు, కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర జరిగినలాంటి పెద్ద పునరుద్ధరణ పనులు, 2021లో రామప్పకి వచ్చినలాంటి యునెస్కో గుర్తింపు కోసం తయారు చేసే ఫైళ్ళు, వీటన్నిటిలో ఆధారం చూసి రాయగలిగేవాళ్ళు కావాలి. ఈ లిస్టులో దేనికైనా గైడ్ బట్టీ పట్టినవాడు పనికిరాడు.

అందుకే నా కోపం యూనివర్సిటీల మీద. రెండేళ్ళ ఎంఏలో ఒక్క శాసనం అచ్చు తీయించకుండా, ఒక్క తాళపత్రం చేతికివ్వకుండా, పది ప్రశ్నలు చదివితే పాసయ్యే పరీక్ష పెట్టి, బయటికొచ్చాక పిల్లలకి స్కిల్స్ లేవు అంటే ఎలా? ఆంధ్రలో 2020-21 బ్యాచ్ నుంచి డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు, ఆ నెలల్లో హిస్టరీ పిల్లల్ని వాళ్ళ మండలంలో గుడి గోడల మీద, పొలం గట్ల మీద ఉన్న శాసనాల్ని ఫొటో తీసి నమోదు చేయమంటే ఖర్చు కూడా పెద్దగా ఉండదు, సున్నం కొట్టేస్తేనో, రోడ్డు పనుల్లోనో పోతున్నవి కొన్నైనా మిగులుతాయి.

మా మేనకోడలికి సీటు వచ్చింది. సాయంత్రాలు ఇంటి దగ్గర ఉర్దూ చెప్పే మేడమ్ దగ్గరికి వెళ్తోంది, అక్షరాలు అయిపోయాయి, ఇప్పుడు చిన్న పదాలు కూడబలుక్కుంటోంది. సేత్వార్ చదవాలంటే ఇంకా ఎంతకాలం పడుతుంది మామయ్యా అని అడిగింది, శికస్తా (పాత రికార్డుల్లోని గొలుసుకట్టు) చేతిరాత అలవాటు కావాలి, ఒకటి రెండేళ్ళు పట్టొచ్చు అని చెప్పాను.