వదంతి వెళ్లిపోయాక లెక్క రాసేదెవరు?

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వదంతి బెంగళూరును చుట్టేసినప్పుడు, మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి నడిపే మదనపల్లె పెద్దాయన తన ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ వినిపించారు. గొంతు ఎవరిదో తెలియదు, యాస మాత్రం అచ్చం వాళ్ల ఊరిదే. ‘మనోళ్లే కదా సార్ చెప్తా ఉండేది, అబద్ధమెందుకు చెప్తారు?’ అన్నారాయన. మనవరాలిని కాపాడుకోవాలని కూతురు నాలుగు రోజులు ఇళ్లలో పనికి వెళ్లలేదు; ఒక ఇంటివారు ఈలోగా మరొకరిని పెట్టుకున్నారు. అదే నెల 23న చామరాజపేటలో, రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక యువకుడిని జనం కొట్టి చంపారు. ఆ హత్య మీద కేసు నమోదైంది, పత్రికల్లో వార్త వచ్చింది. ఈ తల్లి పోగొట్టుకున్న పని మాత్రం ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

ఆ వదంతితో పాటు ఫోన్లలో తిరిగిన, పిల్లవాణ్ణి ఎత్తుకుపోయే వీడియో కరాచీలో బాలల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రానికి కత్తిరింపు అని తేల్చడానికి ఎన్నో రోజులు పట్టదు. కానీ సొంత యాసలో వినిపించిన మాటను వలస కార్మికుడు ఎందుకు నమ్ముతాడో, ఆ నమ్మకం అతని కూలిని, ఇరుగుపొరుగును ఏం చేస్తుందో తెలియాలంటే ఆ మనుషుల మధ్య మూడు నాలుగేళ్లు మెలగాలి, అంతకాలం పరిశోధకుడికీ పూట గడవాలి. అందుకే సమాచారం సమాజంపై చూపే ప్రభావాన్ని అధ్యయనం చేసేవారికి ప్రభుత్వం ప్రత్యేక డాక్టోరల్ ఫెలోషిప్ (పీహెచ్‌డీ చేసేవారికి నెలనెలా ఇచ్చే భృతి) ఏర్పాటు చేయాలి.

2012 ఆగస్టులో వదంతులకు భయపడి ఈశాన్య రాష్ట్రాల వారు బెంగళూరు నుంచి వేల సంఖ్యలో గువాహటి రైళ్లెక్కినప్పుడు, కేంద్రం ఒకేసారి పంపగల ఎస్‌ఎంఎస్‌లను 5కు కుదించింది. 2018లో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను 5 చాట్‌లకు పరిమితం చేసింది. ఆరేళ్లు గడిచినా మనకు దొరికిన మందు అదే అంకె! మరోవైపు, అదే వేసవిలో గద్వాల ప్రాంతంలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, డప్పు కళాకారులతో పాటలు పాడించి వదంతిని నిలువరించారు. అది ఎందుకు ఫలించిందో, ఎవరి ఊరు ఏదో తెలియని బెంగళూరు బస్తీలో ఫలిస్తుందో లేదో తేల్చడం పీహెచ్‌డీకి తగిన ప్రశ్న.

2018లో మొదలైన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ సైన్సు, టెక్నాలజీ పరిశోధకులకు నెలకు 70 వేల నుంచి 80 వేల రూపాయలు ప్రకటించింది. నెట్ పరీక్షలో ఎంపికైనవారికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి 37 వేలు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఆ పరీక్షతో నిమిత్తం లేని నాన్-నెట్ పీహెచ్‌డీ స్కాలర్లకు దక్కుతూ వచ్చింది 8 వేలు. దానినీ ఎత్తివేయబోతే 2015లో విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు బైఠాయించవలసి వచ్చింది. సమాచారాన్ని వేగంగా పంపే యంత్రాన్ని చేసేవాడికీ, ఆ వేగానికి నలిగినవారి మధ్య కూర్చుని రాసుకునేవాడికీ ఇంత తేడా ఎందుకుండాలి?

కంపెనీలు ఇస్తున్నాయి కదా అనేవారున్నారు. నిజమే, వాట్సాప్ 2018లో 20 పరిశోధక బృందాలకు 50 వేల డాలర్ల చొప్పున ఇచ్చింది. ఆ పరిశోధకుల నిజాయితీని నేను శంకించను. అయితే ఏ ప్రశ్నకు డబ్బివ్వాలో ఎంచుకున్నది ఆ సంస్థే. దాని ఆసక్తి మళ్లిన రోజున ఆ దారి మూసుకుపోతుంది.

ఇక భాష సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకున్న జాతి మనది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తీర్చిదిద్దిన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1962లో డాక్యుమెంటేషన్ (సమాచారాన్ని సేకరించి, వర్గీకరించి అందించే విద్య) శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది ఈ బెంగళూరులోనే. అటువంటి చోట, తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ వాయిస్ మెసేజ్‌ల మీద జరిగే పరిశోధన ఇంగ్లీషు సిద్ధాంత గ్రంథంగా మారి విశ్వవిద్యాలయం అలమరలో ఆగిపోకూడదు. ఫెలోషిప్ ఎంపికలోనే ఆ వీధి భాష వచ్చా అని అడగాలి. చివరి వాయిదా సొమ్ము విడుదల చేసే ముందు, ఎవరి మధ్య పరిశోధన జరిగిందో వారి భాషలో యాభై పేజీల ప్రతిని ఆ పేట గ్రంథాలయ శాఖలో ఉంచినట్టు రసీదు తీసుకోవాలి.