1956కు ముందు పాలమూరు, నల్లగొండల్లో సంఘాలే లేవా?

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతాల్లో సాహిత్యానికీ కళలకూ సంఘమంటూ ఏదీ 1956 దాకా లేదనీ, ఉన్నదంతా గడీల వినోదమేననీ, వార్షిక సభల పద్ధతి కోస్తా నుంచి వచ్చిందేననీ చెప్పే రాత ఒకటి కొంతకాలంగా చేతులు మారుతోంది.

ముందుగా 1956 అన్న ఆ సంవత్సరం సంగతి చూద్దాం. నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు సంపాదకత్వంలో ‘నీలగిరి’ పత్రిక 1922లోనే వెలువడింది. బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన, నిజాం రాష్ట్రపు తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ రెండో సమావేశం 1931లో దేవరకొండలో జరిగింది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టినప్పుడు దాని వెనుక నిలిచినవారిలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఒకరు. మునగాల నేడు సూర్యాపేట జిల్లాలోనే ఉన్నా, అప్పట్లో మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాకు చెందినది కనుక ఈ ఒక్క సాక్ష్యాన్ని అవతలివారు తమ ఖాతాలో వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

‘సంఘం’ అన్న పేరుతో కాగితాలు చూపమని అడగడం మాత్రం నిజాం పాలన ఎరగని ప్రశ్న. సభ జరపాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలన్న గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు అమలులో ఉన్నచోట, నలుగురు కూడడానికి గ్రంథాలయమే దారి అయింది. పుస్తకాల బీరువా పక్కనే ఉపన్యాసమూ, పద్య పఠనమూ, రాజకీయమూ సాగాయి. బోర్డు మీద సంఘమని లేనంత మాత్రాన లోపల సంఘం లేదనలేము.

గడీల మాటలో కొంత నిజముంది. గద్వాల సంస్థానంలో కార్తీక, మాఘ మాసాల్లో జరిగిన పండిత సభలు ప్రభువు ఆదరణే తప్ప సభ్యుల సంఘం కావు. అయితే ‘విద్వద్గద్వాల’ అని పేరు పొందిన ఆ ఆస్థానానికి తిరుపతి వేంకట కవులు కృష్ణా, గోదావరి తీరాలు విడిచి సన్మానం కోసం వచ్చారు. పద్ధతులన్నీ అటునుంచే వచ్చాయనేవారు ఈ రాకనెందుకు మరిచారో తెలియదు. ఇక్కడ కవులే లేరన్న పాత నిందకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి జవాబు చెప్పారు కనుక దాన్ని మళ్లీ ఎత్తుకోను.

ఇక వార్షిక సభల మాట. 1943లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ఊరూరా తెలుగు పరీక్షలు నడిపింది. దాని వార్షికోత్సవాలు 1953లో తుంగభద్ర ఒడ్డున ఆలంపురంలో, గడియారం రామకృష్ణశర్మ పూనికతో జరిగాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ వాటికి వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. ఇది ఆ రాత చెప్పే సంవత్సరానికి మూడేళ్ల ముందటి మాట. ఆలంపురం, గద్వాల తాలూకాలు అప్పటికి రాయచూరు జిల్లాలో ఉండి, 1956లోనే మహబూబ్‌నగర్‌లో కలిశాయి. జిల్లా చరిత్రను ఆ ఏడాది నుంచే తిరగేసేవారికి ఈ సభలు కనబడకపోవడానికి బహుశా ఇదీ ఒక కారణం.